డెబియన్‌లో మన పోతన!

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర... పోతన పుట్టిన ఊరిగా పేరు. ఆ మహాకవి పేరు దేశదేశాల కంప్యూటర్లలోకి వెళ్లే ఓ సాఫ్ట్‌వేర్ భాండాగారంలోనూ ఉంది. దాని పేరు డెబియన్. అందులోని తెలుగు ఫాంట్లలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఉన్నాయి.

అక్కడ చోటు దొరకడం ఆషామాషీ కాదు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌ను నడిపేది కంపెనీ కాదు, స్వచ్ఛంద కార్యకర్తలే. లినక్స్‌కు బ్రౌజర్లు, ఆటలు, ఫాంట్లు జోడించి అందిస్తారు. 2023లో విడుదలైన 12వ వెర్షన్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. మరి దేన్ని చేర్చాలో, దేన్ని వద్దనాలో ఎలా తేలుస్తారు?

ఉచితమైతే చాలదు

మొదట చూసేది లైసెన్సునే. 1997లో రాసుకున్న నియమాల ప్రకారం ప్రోగ్రామ్ సోర్సు కోడ్ అందరికీ అందాలి. దాన్ని మార్చుకోనివ్వాలి, పంచుకోనివ్వాలి, అమ్ముకోనివ్వాలి కూడా. 'విద్యార్థులకు మాత్రమే', 'వ్యాపారానికి వాడరాదు' లాంటి మెలికలుంటే ప్రధాన విభాగంలో చోటుండదు. ఎంత గొప్ప ప్రోగ్రామైనా సరే!

ఇంత పట్టింపు ఎందుకంటారా? భూపాలపల్లిలో ఓ మాస్టారు బడిలోని కంప్యూటర్లన్నింటిలో దాన్ని ఎక్కించినా, మహబూబాబాద్‌లో ఓ నెట్ సెంటర్ కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్ముకున్నా ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా ఉండాలని. పోతన ఫాంటు జీపీఎల్ లైసెన్సుతో వచ్చింది కాబట్టే ఈ పరీక్ష నెగ్గింది.

రెండో ప్రశ్న... బాగోగులు ఎవరు చూస్తారు? ప్రతి ప్యాకేజీకీ ఓ బాధ్యుడుండాలి. కొత్తగా వచ్చినదాన్ని ఓ ప్రత్యేక బృందం పరిశీలించాకే లోపలికి పంపుతుంది. చేరాక కూడా తీవ్రమైన లోపాలు బయటపడి, ఎవరూ సరిచేయకపోతే తర్వాతి విడుదలలో చోటు పోయినట్లే.

నియమమా... అవసరమా?

అయితే నియమాలే చిక్కు తెచ్చిన సందర్భమూ ఉంది. చాలా వైఫై చిప్‌లు పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. కంపెనీలు దాని సోర్సు కోడ్ ఇవ్వవు. అందుకని డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో దాన్ని పెట్టేవారు కాదు. దాంతో కొత్తగా వేసుకున్నవారికి నెట్టే వచ్చేది కాదు! చివరికి 2022లో సభ్యులు ఓటు వేసి, ఫర్మ్‌వేర్‌ను చేర్చేందుకు ఒప్పుకొన్నారు. వద్దనుకునేవారు ఆపేసుకునే వీలూ ఉంచారు. సిద్ధాంతం కోసం సామాన్యుణ్ని వదులుకోలేదు, సామాన్యుడి కోసం సిద్ధాంతాన్నీ పూర్తిగా విడిచిపెట్టలేదు.

ఇందులో మనకో పాఠముంది. ఇష్టంగా ఓ తెలుగు ఫాంటో నిఘంటువో తయారుచేసి, 'ఉచితం' అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ శ్రమ అక్కడే ఆగిపోవచ్చు. సరైన లైసెన్సు జతచేస్తే పదికాలాలు నిలుస్తుంది. భాగవతాన్ని పోతన రాజులకు అంకితమివ్వలేదని ప్రతీతి. ఆయన పేరు పెట్టుకున్న అక్షరాలు ఈరోజు ఎవరైనా తీసుకోవచ్చు... అడగకుండానే!