చెవి మిషను: అపోహలు – వాస్తవాలు

వేంపల్లెలో నే యింటి యరుగుమీద కూర్చుండినను, వినికిడి మందగించిన పెద్దలను గూర్చిన ప్రస్తావన వచ్చినంతనే వినవచ్చు మాట యొకటి కలదు: "మా మామకు చెవుడేం గాదు, ఆయనకు గావల్సినవే ఇనపడ్తాయి." మనుమరాలి పిలుపునకు పలుకక, పొలము బేరము మాత్రము గోడ కావలినుండి విని యందుకొను వృద్ధుని చూచి యిట్లనుట సహజమే గాని, ఇందు ఆ పెద్దమనిషి కపటము లేశమును లేదు. లోచెవిలోని శంఖాకృతి నాళమున సుమారు 15,000 రోమకణములు కలవు. వానిలో ద్వారము చెంతనుండి హెచ్చు శ్రుతిని గ్రహించునవి వయసుతో మొట్టమొదట నశించును. నశించినవి మనుష్యునియందు మరల మొలవవు. మాటలోని అచ్చులు తక్కువ శ్రుతిలో బలముగను, స, త, క, ప మొదలగు హల్లులు హెచ్చు శ్రుతిలో సన్నగను పలుకుటచేత, అట్టి చెవికి ధ్వని చేరును గాని మాట చేరదు. పత్తి యన్నను కత్తి యన్నను ఒక్కతీరుగనే తోచును. మగవారి గంభీరస్వరము తెలిసినంతగా పసిపిల్ల పలుకు తెలియకుండుట కిదియే హేతువు.

అందుచేతనే చెవిలో నోరుపెట్టి యరచుటయు పరిష్కారము కాజాలదు. చెవిటివాని ముందు శంఖ మూదినట్లని మనవారు సామెత చెప్పిరి గాని, రోమకణములు దెబ్బతిన్న చెవికి మెల్లని మాట వినబడకపోయినను శంఖధ్వని దుర్భరముగనే తాకును. "ఎందుకట్లా అరుస్తావు?" అని కసరిన తాతను కోపిష్ఠి యనుట అన్యాయము. ఎదుట నిలిచి, పెదవులు కనబడునట్లు, నిదానముగ మాటాడుట మేలు.

ఇక మా ప్రాంతమున మరి యొక భ్రమ గాఢముగ నాటుకొనియున్నది. ఎర్రగుంట్ల నాపరాళ్ళ పాలిష్ యంత్రముల నడుమను, ముగ్గురాయి గనులలోని డ్రిల్లింగు చెంతను, బోరు లారీలమీదను ఏండ్ల తరబడి పనిచేసినవారు, ఆ మోత తమకు అలవాటైపోయినదని నిబ్బరముగ చెప్పుదురు. 85 డెసిబెళ్ళకు మించిన శబ్దమును దినమునకు ఎనిమిదేసి గంటలు భరించు చెవికి మోత తగ్గినట్లు తోచుట అనేకపర్యాయములు వినికిడి క్షయమునకు తొలిగురుతేగాని ఓర్పు కాదు. అట్టివారు పనివేళ చెవికప్పులు ధరించుటకును, ముప్పది యేండ్ల వయసుననే పరీక్ష చేయించుకొనుటకును సిగ్గుపడ నక్కరలేదు.

చెవుడన్న దెల్ల మిషనుతో తీరునదనుటయు పొరపాటే. గులిమి గట్టిపడుట, కర్ణభేరికి రంధ్రమై చీము కారుట, మధ్యచెవిలోని యెముక బిగిసిపోవుట మొదలగువానికి వేరు చికిత్సలు కలవు. ఇండ్లలో కాచిన నూనె చెవిలో పోయు నలవాటు, కర్ణభేరి చిల్లుపడినవారికి కీడు చేయును. ఒక చెవి యకస్మాత్తుగా, ఒకటి రెండు దినములలో మూతపడినచో అది అత్యవసరము. మిషను సంగతి విడిచి ఆనాడే ఇ.ఎన్.టి. వైద్యుని చూడవలెను.

పరీక్ష యనగా భయపడువారును కలరు. అందు సూదిపోటు లేదు. కడప రిమ్స్ వంటి బోధనాసుపత్రులలో నైనను, ఆడియాలజిస్టు వద్ద నైనను, శబ్దము చొరని చిన్నగదిలో కూర్చుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, 250 మొదలు 8,000 హెర్ట్జుల వరకుగల శ్రుతులను, ఒక్కొక్కదాని బలమును క్రమముగ తగ్గించుచు, వినిపింతురు. లీలగా వినబడినను బొత్తాము నొక్కవలెను. పిదప చెవివెనుక యెముకపై చిన్న కంపనయంత్రము నుంచి మరల పరీక్షింతురు. లోపము బయటి, మధ్యచెవులలోనిదా లోచెవిలోనిదా యన్నది దీనితో తేలును. ఫలితమును గీతలుగా చూపు కాగితమే ఆడియోగ్రామ్. అందు కుడిచెవికి ఎఱ్ఱ సున్నలును, ఎడమచెవికి నీలి గుణకార చిహ్నములును వేయుదురు.

ఈ కాగితము లేకుండ దుకాణమునుండియో, ఫోనులో ఆర్డరు చేసియో తెచ్చుకొనునవి పలుమారు శబ్దవర్ధకములేగాని వినికిడి యంత్రములు కావు. అవి అన్ని శ్రుతులను ఒక్కరీతిగ పెంచి, ఉన్న వినికిడికే చేటు తేవచ్చును. గతించిన తండ్రి మిషను తల్లికి పెట్టుట, ఒకరి కంటద్దములు మరియొకరికి తగిలించుట వంటిదే. చెవి యచ్చు తీసి మోల్డు చేయించుటయు, యంత్రమును కంప్యూటరుకు కలిపి శ్రుతిశ్రుతికి కావలసినంత బలము మాత్రమే నమర్చుటయు, సన్నని గొట్టముతో చెవిలోపలి ధ్వనిని కొలిచి సరిచూచుటయు కలిసినప్పుడే యంత్రమును చెవికి తగినట్లు అమర్చిరని యనవచ్చును. యంత్రము ఈల వేయుచున్నదని పారవేయుదురు. చాలమట్టునకు అది మోల్డు వదులగుటవలన గాని, గులిమివలన గాని కలుగునది.

తొలిదినములలో తన గొంతు తనకే కుండలో మాటాడినట్లు తోచును, ఫ్యాను మోత చికాకు పెట్టును. ఏండ్లుగా మరచిన ధ్వనులను మెదడు మరల నేర్చుకొనుటకు కొన్ని వారములు పట్టును గనుక, మొదట నిశ్శబ్దమైన యింటిలో కొన్ని గంటలు, పిమ్మట సంతలోను పెండ్లిండ్లలోను ధరింపవలెను. రెండు చెవులకును లోపమున్నచో రెంటికిని పెట్టుకొనిననే మాట యే దిక్కునుండి వచ్చెనో తెలియును. మిషను వాడిన చెవి మరింత మొద్దుబారు ననుట నిజము కాదు. అది మతిమరుపును మాన్పునని కొందరు వ్యాపారులు చేయు ప్రచారమును అతిశయోక్తియే. వినికిడిలోపమునకును మతిమరుపునకును సంబంధమున్నదని మాత్రము 2020లో లాన్సెట్ వైద్యపత్రిక వారి నిపుణుల సంఘము తెలిపినది.

ధరను గూర్చి యొక్కమాట. పేద వృద్ధులకు వినికిడి యంత్రములు మొదలగు ఉపకరణము లిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైనది. వికలాంగుల ఉపకరణముల పథకమగు ఎ.డి.ఐ.పి. 1981 నుండియు కలదు. అయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము రెండు చెవులలోను 60 డెసిబెళ్ళ లోపముగలవారే వైకల్యపు లెక్కలోనికి వత్తురు. వైకల్య సర్టిఫికెట్టు రానివారికి మిషనే యక్కరలేదని దీని భావము కాదు. 40, 50 డెసిబెళ్ళ లోపమున్నవారికి యంత్రము మిక్కిలి చక్కగ నుపకరించును. శిబిరములలో నిచ్చినదానిని మోల్డులేక, సరిచేయువారు లేక పెట్టెలో దాచుకొనినవారు, దానినే తీసికొని ఆడియాలజిస్టు కడకు పోవచ్చును.

పరీక్ష చేయించుకొనినవారు ఆడియోగ్రామ్ నకలును అడిగి తీసుకొనుడు. యంత్రము కొనునప్పుడును, సరిచేయించునప్పుడును, కొన్నేండ్లకు వినికిడి యెంత మారినదో తెలియగోరునప్పుడును అదియే ఆధారము.