ఒకే ఆల్కలాయిడ్, రెండు రుతుచక్రాలు: సూరంజాన్, అడవినాభి

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ పక్కనే ప్రభుత్వ నిజామియా యునానీ వైద్యశాల ఉంది. అక్కడి నుంచి దక్షిణాన శాలిబండ వరకు ఉన్న బస్తీలలో యునానీ వైద్యం తరతరాలుగా పరిచితం. కీళ్లనొప్పులకు ఆ వైద్యంలో వాడే ముఖ్య ద్రవ్యం సూరంజాన్, అంటే కోల్చికం మొక్క దుంప. మన అడవుల అంచుల్లో, కంచెల మీద పాకే అడవినాభి దీనికి దగ్గరి బంధువు. దాని శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. రెండూ కోల్చికేసీ కుటుంబానివే. రెండింటిలోనూ కోల్చిసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది.

2. కోల్చిసిన్ ఎలా పనిచేస్తుంది?

దీన్ని 1820లో పెల్‌టియే, కావెంటూ అనే ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు కోల్చికం నుంచి వేరుచేశారు. ఇది ట్యూబ్యులిన్ ప్రోటీన్‌తో బంధం ఏర్పరచుకొని సూక్ష్మనాళికల నిర్మాణాన్ని అడ్డుకుంటుంది. కండె ఏర్పడదు కాబట్టి కణవిభజన మధ్యస్థదశలో ఆగిపోతుంది. మొక్కల్లో క్రోమోసోముల సంఖ్యను రెట్టింపు చేయడానికి దీన్ని వాడేది ఇందుకే. మనిషి శరీరంలో వేగంగా విభజన చెందే పేగు పొర, ఎముక మజ్జ కణాలు ఎక్కువగా దెబ్బతినడానికీ ఇదే కారణం.

3. రుతుచక్రాలు

కశ్మీర్ కొండల్లో పెరిగే కోల్చికం లూటియం మంచు కరిగే వేళ పసుపు పూలు పూస్తుంది. ఐరోపా జాతి కోల్చికం ఆటమ్నేల్ ఆకులు లేకుండా శరదృతువులో పూస్తుంది. దాని ఆకులు, కాయలు మరుసటి వసంతంలో వస్తాయి. ఆ లేత ఆకులను అడవి వెల్లుల్లి ఆకులనుకొని తిని అక్కడ మరణించినవారున్నారు.

అడవినాభి తొలకరికి మొలకెత్తుతుంది. ఆకుకొనలే నులితీగలుగా మారి ఆధారాన్ని చుట్టుకుంటాయి. వానాకాలంలో ఎరుపు, పసుపు కలిసిన పూలు పూస్తాయి. తరువాత కాయలు పండి తీగ ఎండిపోతుంది. వేసవిలో నేలలో దుంప మాత్రమే మిగులుతుంది. నాగలి ఆకారంలో ఉండడం వల్ల దీనికి లాంగలి అనే పేరు వచ్చింది. గుర్తుపట్టడానికి తీగ, పూవు లేని ఈ కాలంలో దుంపను తినే గడ్డగా పొరబడే అవకాశం ఉంది. ఉడికించినా కోల్చిసిన్ నశించదు.

4. మోతాదు సమస్య

గౌట్ వ్యాధికి ఇచ్చే కోల్చిసిన్ మాత్రలో 0.5 మి.గ్రా. మందు ఉంటుంది. అడవినాభి విత్తనాల్లో 0.7 శాతం కోల్చిసిన్ ఉందనుకుందాం. అప్పుడు 1 గ్రాము పొడిలో 7 మి.గ్రా., అంటే 14 మాత్రల మందు ఉన్నట్లు. మొక్క భాగాన్ని బట్టి, పెరుగుదల దశను బట్టి, నేలను బట్టి ఈ శాతం మారుతుంది. కంటితో చూసి, చిటికెతో కొలిచి మోతాదు నిర్ణయించడం అసాధ్యం.

విద్యార్థులు మరొక విషయం గమనించాలి. వాంతులు, విరేచనాలు తిన్న వెంటనే కాక కొన్ని గంటల తరువాత మొదలవుతాయి. ఏమీ కాలేదని ఇంట్లో వేచి ఉండకుండా, మిగిలిన దుంపతో సహా రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

5. మీ ప్రగతిని సరిచూసుకోండి

1) కోల్చిసిన్ కణవిభజనను ఏ దశలో, ఎలా ఆపుతుంది?
2) అడవినాభి దుంపను వేసవిలో గుర్తించడం ఎందుకు కష్టం?
3) విత్తనాల్లో 0.4 శాతం కోల్చిసిన్ ఉంటే, 1 గ్రాము పొడి ఎన్ని మాత్రలకు సమానం?