భోజనాలగది గోడకు పూలకాగితము

1998 నవంబరులో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభోత్సవము జరిగిన నాటినుండి, అంతకుమున్ను గుండ్రాళ్లును పొదలును దప్ప వేరొండు కానరాని ఆ మెట్టభూములలో, కొండాపూరు మొదలు కోకాపేట దాక, అపార్టుమెంట్లు ఆకాశమునంటుచు వరుసగా వెలసినవి గాని, వానిలో నాలుగు గోడలును ఒక తలుపును గల అచ్చమైన భోజనశాల యున్న ఇండ్లు మాత్రము అరుదు. బిల్డరు ఇచ్చు ప్లానులో ‘డైనింగ్’ అని వ్రాసియుండునది హాలునకును వంటగదికిని నడుమ మిగిలిన జాగాయే. దానికి ఒక ప్రక్క సోఫాలు, ఒక ప్రక్క గ్యాసుపొయ్యి, వేరొక ప్రక్క చేతులు కడుగుకొను బేసిను అమరియుండగా, బల్ల కెదురుగా నిలుచు ఒక్క గోడ మాత్రమే ఇంటివారి యిష్టమునకు మిగులును. ఆ గోడకే నేడు వాల్‌పేపరు అంటించుట పరిపాటి యైనది.

గోడకు పూలకాగితము పరదేశపు మోజని తలచువారు పెక్కుమంది కలరు. కాగితము మాట యెట్లున్నను, ఆ పూలలో కొన్నింటి పుట్టిల్లు మన తీరమే. గోలకొండ సుల్తానుల రేవైన మచిలీపట్టణమున 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును వర్తకశాలలు నెలకొల్పి, కరక్కాయకషాయములో తడిపి, చిరివేరు ఎరుపును నీలిమందు నీలమును ఎక్కించిన మన కలంకారీ వస్త్రములను ఓడలకెత్తి తమ దేశములకు కొనిపోగా, అచటి శ్రీమంతులు వానిని పడకగదులలో తెరలుగాను, గోడలకు అలంకారముగాను వ్రేలాడదీసికొనిరి. ఈ మోజు ముదిరి తమ నేతగాండ్ర నోటికూటికి అడ్డుపడుచున్నదని 1686లో ఫ్రాన్సు దేశమును, 1700లో ఇంగ్లండు పార్లమెంటును ఈ అద్దకపుబట్టలను నిషేధింపవలసి వచ్చినది. బట్టమీది తీగెలను, జీవవృక్షమను చెట్టుబొమ్మను అచటి కాగితపు పనివారు అచ్చుదిమ్మెలతో కాగితముపై దింపిరి. నేడు దుకాణములోని నమూనాపుస్తకము తిప్పుచున్నప్పుడు, లావుపాటి పూలతో మెలికలు తిరుగుచు పైకి ప్రాకు తీగె యొకటి కంటబడినచో, దానికిని పెడనలో నేటికిని చెక్క అచ్చులతో అద్దుచున్న బట్టలకును దూరపు చుట్టరికము గలదని గ్రహింపవచ్చును. గోలకొండకు కూతవేటు దూరమున కాపురముండువారు దీనిని పరాయిసొత్తని సంకోచింపనక్కరలేదు.

అయినను శ్రీకాళహస్తి పద్ధతి రామాయణపు బొమ్మలున్న కాగితమును మాత్రము ఈ గోడకు నేను సిఫారసు చేయను. మూలమలుపు వద్ద పట్టీ తెగినప్పుడు సీతమ్మ సగము ఇటును సగము అటును పడుట యొక అపచారము. పిల్లవాడు చిమ్మిన సాంబారు ఆంజనేయస్వామి మీద పడుట మరియొకటి. పూలు, తీగెలు, మామిడిపిందెలు చాలును.

ఇక ఎన్నిక విషయము. ఈ ప్రాంతపు ఉద్యోగులు ఉదయమున ఏదో నోట వేసికొని పరుగెత్తుదురు. మధ్యాహ్నము ఆఫీసు క్యాంటీనులో తిందురు. ఇంటిబల్ల చుట్టు అందరును కూర్చుండుట రాత్రి తొమ్మిది దాటిన పిమ్మటనే. కాగితమును కొనుట మాత్రము ఆదివారము పగటివేళ, కన్నులు చెదరు తెల్లని దీపముల క్రింద, నిలుచుండి. చిక్కంతయు ఇచటనే యున్నది. దుకాణమున దంతపు వన్నెతో మెరసిన కాగితపు నేల, ఇంట పసుపుపచ్చని దీపము క్రింద పాతబడిన పత్రికవలె కనబడును. లేనీలము బూడిదరంగులోనికి దిగును. బంగారుపూత గీతలు బల్లపై వ్రేలాడు దీపమునకు తళుక్కుమని కన్నులలో పొడుచును. కావున మూరెడు ముక్కను నమూనాగా అడిగి తెచ్చి, గోడకు టేపుతో అంటించి, రాత్రిపూట, మీరు నిత్యము కూర్చుండు కుర్చీలోనే కూర్చుండి చూడుడు. కూర్చున్నవాని కన్ను నేలకు ఇంచుమించు నాలుగడుగుల ఎత్తున నుండును గనుక, ప్రధానమైన పూవు ఆ ఎత్తున పడునట్లు అంటింపుమని పనివానికి ముందే చెప్పవలెను. అంటించిన పిదప చెప్పి ప్రయోజనము లేదు.

ఈ గోడను బల్లవద్ద నుండి మూడు నాలుగడుగుల దూరమునను, సోఫా నుండి పదునైదు ఇరువది అడుగుల దూరమునను చూతురు. మల్లెమొగ్గలంత సన్నని బుటాలు దగ్గరకు ముద్దుగా నున్నను దూరమునకు దుమ్ముపట్టిన గోడవలె తోచును. అరటియాకులంత పెద్దవి దూరమునకు దివ్యముగా నుండి, దగ్గర కూర్చున్నవాని మీద పడునట్లుండును. జానెడు పూవు మేలని నా అభిప్రాయము. ఇంకొక మాట: 2020 నుండి ఈ బల్లయే పలువురకు ఆఫీసైనది; రాత్రివేళ అమెరికావారితో వీడియోలో మాటలాడునప్పుడు వెనుకనున్న గోడమీద సన్నని చారలు దగ్గరదగ్గరగా నున్నచో, కెమెరాలో అవి అలలవలె కదలి ఎదుటివారి కన్నులను నొప్పించును.

లెక్క దగ్గర చాలమంది తడబడుదురు. సాధారణమైన రోలు 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు. అనగా 57 చదరపుటడుగులు. పది అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు గల గోడకు ఆరు పట్టీలు కావలెను. పైనను క్రిందను కత్తిరింపుతో కలిపి ఒక్కొక్క పట్టీ 3 మీటర్లు. డిజైను 64 సెంటీమీటర్ల కొకమారు మరల వచ్చుచు, ప్రక్కపట్టీలో సగము దిగి కలియునదైనచో, ఒకే రోలు నుండి వరుసగా కోయువానికి మూడవ పట్టీ నాలుగు సెంటీమీటర్లు చాలక నిలిచిపోవును; అట్లు మూడు రోలులు ఖర్చగును. నేర్పరియైన పనివాడు మొదటి రోలు నుండి ఒకటి, మూడు, అయిదు పట్టీలను, రెండవ దాని నుండి రెండు, నాలుగు, ఆరు పట్టీలను కోసి రెండింటితోనే పని ముగించును. 106 సెంటీమీటర్ల వెడల్పు గల కొరియా రోలైనచో మూడే పట్టీలు, అతుకులును తక్కువ.

మన వంటిండ్ల తాలింపుపొగను, పసుపుచేతులను తట్టుకొనవలెనన్నచో చీటీమీది గుర్తు చూడవలెను: ఒక్క అల గీసియున్నచో తడిస్పంజితో మెల్లగా అద్దుటకే, రెండు మూడు అలలున్నచో కడుగవచ్చును. పూర్వము మన పల్లెటిండ్లలో గోడ క్రిందిభాగమునకు జాజు పూసి, ముగ్గుగీతలు వేయుటలో అందమే గాక, తగులుడును మరకయు పడు చోటును వేరుచేయు తెలివియు గలదు. ఇచటను క్రింది మూడడుగులకు కడుగదగిన రంగు వేయించి, కుర్చీవీపు తగులు ఎత్తున చెక్కపట్టీ కొట్టించి, ఆ పైననే కాగితము అంటించుట ఉత్తమము.

బేసినున్న గోడకు ఆవల స్నానాలగది యుండుట ఈ అపార్టుమెంట్లలో మామూలు. ఆ గోడకును కాగితము అంటింపదలచినచో, లప్పము పెట్టి ప్రైమరు కొట్టించుటకు ముందు అడుగు చదరపు పాలిథిన్ కాగితమును నాలుగు అంచులను టేపుతో మూసి రెండు దినములుంచి చూడుడు. లోపల నీటిచుక్కలు కట్టినచో ఆ గోడ ఇంకను ఆరలేదు. వినైలు కాగితము చెమ్మను లోపలనే బిగించును. కొన్నాళ్లకు నల్లని బూజు పూలమీదికి వచ్చును. అద్దె యిండ్లవారికి నాన్-వోవెన్ రకము అనుకూలము: పేస్టును గోడకే పూసి అంటింతురు, ఇల్లు ఖాళీ చేయునాడు పట్టీని పట్టీగా ఊడదీయవచ్చును.

కొనునప్పుడు రోలులన్నింటి మీదను లాటు నంబరు ఒక్కటియే యున్నదో లేదో సరిచూచుకొని, అదనముగా ఒక రోలు కొని, చీటీతో సహా అటకమీద భద్రపరచుడు. మరుసటి యేడు అదే డిజైను దొరకవచ్చును గాని, అదే లాటు దొరకుట కష్టము.