చేతి ఆటపెట్టెకు ప్రోగ్రాము వ్రాయు విధము

మన విద్యార్థులలో ఆటపెట్టెను గాని చేతిఫోనులోని ఆటను గాని ఎరుగనివారు అరుదు. ఆట నాడువారు పెక్కండ్రు. ఆటను నిర్మించువారు మిక్కిలి కొలదిమంది. నిర్మించుటకు విశేషధనమును, మహానగరవాసమును కావలెనని మన అనంతపురపు బాలబాలికలు తలంచుచుందురు. ఆ తలంపు నిజము కాదని చూపుటకే మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఇందులకు మేము ఎన్నుకొనినది గేమ్‌బాయ్ అను యంత్రము. జపానుదేశపు నిన్టెండో సంస్థవారు దీనిని 1989వ సంవత్సరమున వెలువరించిరి. దాని నిర్మాణమునకు నాయకుడైన గున్పెయ్ యొకొయ్, క్రొత్తవి, ఖరీదైనవి అగు భాగములను కోరక, చౌకగా దొరకు వాటితోనే క్రొత్త పని సాధింపవచ్చునని నమ్మినవాడు. దాని తెరపై అడ్డముగ 160, నిలువుగ 144 చుక్కలు మాత్రమే కలవు, ఛాయలు నాలుగు. పనిచేయు జ్ఞాపకస్థలము 8,192 బైట్లు. నాలుగు గిగాబైట్లు గల నేటి చేతిఫోనుతో పోల్చినచో ఇది అయిదు లక్షలవ వంతైనను కాదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మన మెట్టసీమలో ఏ పనికెన్ని చెంబుల నీరు వాడవలెనో పిల్లలకు సైతము తెలియును. అట్టి లెక్కయే ఇచ్చటను కావలెను. యంత్రము చిన్నది గనుక దాని నంతను తెలిసికొనుట విద్యార్థికి సాధ్యమగును.

కావలసిన సాధనసంపుటి పేరు జీబీడీకే-2020. ఇది ఉచితము. దానిని అమర్చు క్రమ మిది.

మొదట మన కంప్యూటరు విండోసుదో లైనక్సుదో చూచి, తగిన సంపుటిని ఇంటర్నెట్టునుండి దింపుకొనవలెను. ఒక్కమారు దింపిన చాలును. పిమ్మట ఇంటర్నెట్టు లేకున్నను పని సాగును.

రెండవది, దానిని విప్పి, పేరులో ఖాళీ లేని ఫోల్డరునందు ఉంచవలెను. ఖాళీ యున్నచో పనిముట్లు తమ దారిని తప్పవచ్చును.

మూడవది, సొంత ప్రోగ్రామునకు తొందరపడక, సంపుటిలోని మాదిరి ప్రోగ్రామునే ముందుగా కంపైలు చేయవలెను. మాదిరి సరిగా వచ్చినచో అమరిక మంచిదే. ఆపై తప్పు కనబడినచో దానిని మన వ్రాతయందే వెదకవలెను.

నాలుగవది, సి భాషలో వ్రాసిన దానిని ఎల్‌సీసీ అను ఆజ్ఞకు అప్పగించినచో ఆటఫైలు సిద్ధమగును. దానిని ఎమ్యులేటరునందు తెరువవలెను. ఎమ్యులేటరు అనగా కంప్యూటరునే ఆటపెట్టెవలె నటింపజేయు ప్రోగ్రాము. సేమ్‌బాయ్ అనునది ఉచితముగ లభించును. కావున ఆటపెట్టెను కొననక్కరలేదు. ఇతరుల ఆటలను దొంగనకలుగా తెచ్చుకొనుట మాత్రము న్యాయము కాదు.

ఇక ముఖ్యమైన చిక్కు మన లిపికి సంబంధించినది. గేమ్‌బాయ్ తెరను ఎనిమిదేసి చుక్కల చదరపు పలకలుగా విభజించును. ఒక్కొక్క పలకకు 16 బైట్లు. చిత్రస్థలమున 384 పలకలు పట్టును. ఇంగ్లీషు అక్షరము ఒక పలకలో ఇమిడిపోవును. గుణింతము, వత్తు గల తెలుగు అక్షరమునకు నాలుగు పలకలు కావలెను. 56 అక్షరములకు 224 పలకలు, ఇవి పట్టును. అయితే 36 హల్లులకు పదునారేసి గుణింతములు చేర్చినచో 2,304 పలకలగును, ఇవి పట్టవు. కావున ఆ వేళకు తెరపై కావలసిన అక్షరములను మాత్రమే తెచ్చుకొనవలెను. అచ్చుకూటమున వత్తులను వేరుగా పేర్చినట్లు, ఇచ్చటను వేరుగా గీసికొనినచో మరికొంత మిగులును. కాగితముపై గళ్లు గీసి అక్షరము నింపి చూచుటయే దీనికి తొలిపాఠము.

తొలి ఆటగా పులిమేకను మేము సూచించుచున్నాము. పులులు మూడు, మేకలు పదునైదు, స్థానములు ఇరువదిమూడు. స్థానమునకు ఒక బైటు చొప్పున 23 బైట్లలో పటమంతయు ఇమిడిపోవును. అవ్వలు బండపై సుద్దతో గీసి ఆడిన ఆటను మనుమలు తెరపై నిలుపుట అసాధ్యము కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి: పిల్లవాడు ఆటయెదుట కూర్చున్నాడని వెంటనే కోపింపక, అతడు ఆడుచున్నాడా, నిర్మించుచున్నాడా యని అడుగుడు. మన అక్షరములను ఆ తెరపై మన పిల్లలే వ్రాయనిచో మరెవ్వరు వ్రాయుదురు?