రాజ్యాంగం పుటలో పార్థసారథి

భారత రాజ్యాంగం ఇంగ్లీషు మూలప్రతిలో 4వ భాగం మొదలయ్యే పుట మీద గీతోపదేశం బొమ్మ ఉంటుంది. ఈ ప్రతి అచ్చువేసింది కాదు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాస్తే, శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్ (1882–1966), ఆయన శిష్యులు కలిసి బొమ్మలు వేశారు. 22 భాగాలకూ తలో బొమ్మ. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు దీని మీద సంతకాలు చేశారు.

గీతోపదేశం అనగానే మన కళ్లముందు కదిలేది గోడమీది క్యాలెండరు పటం: నాలుగు తెల్లగుర్రాలు, జెండా మీద హనుమంతుడు, కృష్ణుడి తల వెనక వెలుగు చక్రం, ఒంటినిండా ధగధగలాడే నగలు. వెలుగునీడలతో ఒంటికి నిండుదనం, పట్టుబట్టకు మెరుపు తెచ్చిన రవివర్మ తైలవర్ణాల వారసత్వమది. నందలాల్ గురువు అవనీంద్రనాథ్ ఠాగూర్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. ఆయన అజంతా, మొగలు, రాజపుత్ర చిత్రాల వైపు తిరిగారు. నందలాల్‌దీ ఆ బాటే. 1938లో గాంధీజీ కోరగా హరిపుర కాంగ్రెస్ సభలకు వేసిన పటాల్లో డోలు వాయించేవాళ్లనీ, పల్లె పనివాళ్లనీ నాలుగు బలమైన గీతల్లో నిలబెట్టారు. రాజ్యాంగంలోనూ ఆర్భాటం లేదు. గీత చెప్పే దేవుణ్ణి గీతతోనే పలికించారు.

కృష్ణుడు ఇక్కడ గురువే, కానీ గద్దె మీది గురువు కాడు. పగ్గాలు పట్టిన సారథి, ఆయుధం ముట్టనని ముందే మాటిచ్చినవాడు. చెప్పాల్సిందంతా చెప్పి, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమంటాడు. 4వ భాగంలోని ఆదేశిక సూత్రాలదీ ఇదే వరస కావడంతో బొమ్మ ఆ చోటికి చక్కగా అమరింది. 37వ అధికరణ ప్రకారం ఇవి పరిపాలనకు మూలాధారాలు. అయినా అమలు చేయించమని కోర్టుకెక్కడానికి లేదు.

అలాంటి ఉపదేశం చెవికెక్కడానికి ఏళ్లు పడుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందేలా రాజ్యం ప్రయత్నించాలని 45వ అధికరణ చెప్పింది. 2002 నాటి 86వ సవరణతో గానీ 6–14 ఏళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు కాలేదు. 40వ అధికరణ తలపెట్టిన గ్రామ పంచాయతీలు రాజ్యాంగ హోదా కోసం 73వ సవరణ దాకా ఆగాయి.

మూలప్రతి పార్లమెంటు గ్రంథాలయంలో, గాలి చొరబడని పెట్టెలో భద్రంగా ఉంది. డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ముద్రణాలయం దానికి నకళ్లు తీసింది. లా విద్యార్థుల చేతుల్లో నలిగే మామూలు అచ్చు పుస్తకాల్లో మాత్రం 4వ భాగం 36వ అధికరణతో నేరుగా మొదలవుతుంది. రథమూ సారథీ కనిపించరు.