టర్బో కారుకి అంత ఊపు ఎక్కడిది?

నిమ్మాడ మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిపై కొన్ని కార్లు చిన్న ఇంజిన్‌తోనే రివ్వున దూసుకుపోతాయి. ఎలా?

అమ్మమ్మ కట్టెల పొయ్యిని గొట్టంతో ఊదితే మంట భగ్గుమంటుంది కదా! గాలి ఎక్కువ అందితే మంట పెరుగుతుంది. ఇంజిన్‌లోనూ అంతే. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకున్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి పెరిగితే పెట్రోలు కూడా ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఇదే టర్బో. ఆ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలవు! స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు.

ఒత్తిన గాలి వేడెక్కి పలచబడుతుంది. అందుకే దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెడతారు.

ఇంకా బలం కావాలని కొందరు కారును మార్చి గాలి ఒత్తిడిని మరింత పెంచుతారు. హద్దు దాటితే ఇంజిన్ భాగాలు కాలిపోవచ్చు. కొందరు కారు వెనక రెక్కలాంటి స్పాయిలర్ కూడా బిగిస్తారు, మామూలు వేగంలో అది అందానికే.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కారు ఊపు కన్నా దారిన నడిచేవారి ప్రాణం ముఖ్యమని పెద్దయ్యాక కూడా గుర్తుంచుకోండి!