ఎనుమాముల మిర్చికి వెబ్‌సైటు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో జెండా పాట, అనగా మిర్చి వేలము, మొదలగుటకు ముందు కొనుగోలుదారు బస్తా మూతి విప్పించి, కాయను విరిచి దాని గలగలను బట్టి తేమను, తొక్క నిగనిగను బట్టి రంగును, ఘాటును బట్టి కారమును, కలిసిన తాలుకాయను బట్టి వ్యాపారి నిజాయితీని సైతము క్షణములలో అంచనా కట్టుకొనును. ఆ వ్యాపారియే కొచ్చినులోనో మలేషియాలోనో ఉన్నవాని కొరకు వెబ్‌సైటు తెరచినపుడు ఆ కొనుగోలుదారునకు చేయి లేదు, ముక్కు లేదు, నాలుక లేదు, మిగిలినది కన్నొక్కటే. ఈ లోటును పూరించుటయే వ్యాపార వెబ్‌సైటు రచనలోని శాస్త్రమంతయు నని నా యభిప్రాయము. పరుగులెత్తు అక్షరములు, మిణుకుమను దీపములు అందులోనికి రావు. 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ఆన్‌లైను వ్యవసాయ మార్కెట్టైన ఈ-నామ్‌ను ఆరంభించిన కేంద్రప్రభుత్వము కూడ దూరపు బేరమునకు నాణ్యతాపరీక్ష ముందుండవలెనని గ్రహించియే ప్రయోగశాలలను ఆ పథకములో చేర్చినది.

కావున పుటలో మొదట కనబడవలసినది కొలత. మిర్చి ఎరుపునకు ముఖ్యకారణము క్యాప్సాంథిన్ అను వర్ణకము. ఆ ఎరుపును ఆస్టా అను ప్రమాణములో కొలుతురు. కారమునకు కారణము క్యాప్సైసిన్; అమెరికా శాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్ 1912లో మిర్చిసారమును తీపినీటిలో కలిపి, కారము నాలుకకు తెలియకుండునంతవరకు పలుచన చేయించి, ఆ పలుచదనమునే కొలతగా నిర్ణయించెను. నేడు ఆ పనిని యంత్రములు చేయుచున్నవి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి, అనగా మనవారు టమాటా మిర్చి యనునది, రంగులో మిన్న, కారములో తక్కువ. తేజా రకము ఘాటునకు పేరుపడినది. రంగు కొరకు వచ్చినవాడు వేరు, కారము కొరకు వచ్చినవాడు వేరు గనుక, ‘శ్రేష్ఠమైన మిర్చి’ యని వ్రాసిన వాక్యము ఇరువురిలో ఎవనికిని పనికిరాదు. రకము, ఆస్టా అంకె, స్కోవిల్ అంకె, తేమశాతము, శీతల గిడ్డంగిలోని సరుకా, కొత్త కాయా యనునవి వ్రాసినచో ఇరువురికిని పనికివచ్చును.

కాని పుట తెరచుకొననిదే అంకెలు చదువువా డెవడు? ఫోనుతో తీసిన బొమ్మ యొకటి 5 మెగాబైట్లుండునేని, సెకనుకు 4 మెగాబిట్ల వేగముగల సంధానములో అది దిగుటకు 10 సెకనులు పట్టును; ఏలయన బైటునకు 8 బిట్లు. దానినే తెరకు సరిపడు వెడల్పునకు కుదించి, 2010లో గూగుల్ వెలువరించిన వెబ్‌పి రూపములో 200 కిలోబైట్లకు తెచ్చినచో అర సెకను చాలును. పుటలోని ముఖ్యభాగము 2.5 సెకనులలోపల కనబడవలెనని గూగుల్ సంస్థ నిర్ణయించిన మేర.

ఇక తెలుగులో పుట వ్రాయువారికి ఎదురగు చిక్కు యొకటి కలదు. శోధనయంత్రము లంకెలు పట్టుకొని పుటలన్నియు తిరిగి, ఏ పదము ఏ పుటలో నున్నదో ముందుగానే సూచిక వ్రాసి యుంచుకొనును. కొనుగోలుదారు అడిగినపుడు వెదకునది ఆ సూచికనే. యూనికోడ్‌లో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య గలదు; ‘మ’ అక్షరమునకు అది 3118. దానిని చూచిన యంత్రము మకారమును గుర్తించును. కాని కరపత్రముల డీటీపీ పనికై వాడు పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగి యుందురు. ఆ పాఠమును వెబ్‌సైటులో అతికించినచో యంత్రమునకు కనబడునది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. ఎనుమాముల పేరే ఆ సూచిక కెక్కదు. పాఠమును బొమ్మగా చేసి పెట్టుట అంతకంటె మేలేమియు కాదు. యూనికోడ్‌లో టైపు చేయించుట యొక పూట పని. దానికి బద్ధకించి ప్రకటనలకు వేలు పోయుట నాకు వింతగా తోచును.

పుట చూచినవాడు ఫోను చేయుటకు నొక్కు మీట విషయము రెండు మాటలలో ముగియును. దూరము పెరిగినకొలది, గురి చిన్నదైనకొలది చేయి దానిని చేరుటకు కాలము పెరుగునని పాల్ ఫిట్స్ 1954లో ప్రయోగములతో చూపెను. కనుక ఆ మీట పెద్దదిగా, బొటనవ్రేలి కందునట్లు ఉండవలెను.

జెండా పాటలో తేలు ధర దినదినము మారును. గతమాసపు ధరను చూచి ఫోను చేసినవాడు నేటి ధర విని మరల చేయడు. వెబ్‌సైటు పెట్టదలచిన వ్యాపారులు, రైతు సంఘములవారు ధర ప్రక్కన తేదీ తప్పక వేయుడు. దినదినము మార్చు తీరిక లేనిచో ధరను పూర్తిగా తీసివేసి, దాని చోట ఫోను నంబరు ఉంచుడు.